బడిలో పనికి చేరే మనిషి గురించి పోలీసు కాగితం ఏం చెబుతుంది?

బ్రిటన్‌లో నర్సు ఉద్యోగం వచ్చిన గుంటూరు అమ్మాయి అయినా, గల్ఫ్ ఆసుపత్రికి వెళ్ళబోతున్న కరీంనగర్ అమ్మాయి అయినా ముందుగా తెచ్చుకోవాల్సిన కాగితాల్లో పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ ఒకటి. పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో 500 రూపాయలు కట్టి స్లాట్ తీసుకోవాలి. కేంద్రానికి వెళ్ళి ఫొటో దిగాలి. తర్వాత స్టేషన్ నుంచి కానిస్టేబుల్ ఫోన్ చేస్తే ఆధార్ జిరాక్స్ పట్టుకుని వెళ్ళాలి. అంతా సవ్యంగా ఉంటే కొన్నాళ్ళకు కాగితం చేతికొస్తుంది. అందులో అసలు విషయమంతా ఒక్క వాక్యం. ఫలానా దేశపు వీసాతో సహా ప్రయాణ సౌకర్యాలు పొందడానికి ఈ వ్యక్తిని అనర్హులుగా చేసే ప్రతికూల సమాచారం ఏదీ లేదన్నది దాని సారాంశం.

ఆ వాక్యాన్ని నిదానంగా మరోసారి చదవాలి. అది మాట్లాడుతున్నది ప్రయాణం గురించి. మంచం మీద కదల్లేని ఎనభై ఏళ్ళ ముసలామెకు ఒళ్ళు తుడిచే పనికి, మాటలు రాని పిల్లాడిని బాత్రూంకి తీసుకెళ్ళే పనికి ఈ మనిషి తగునా అని ఆ కాగితాన్ని ఎవరూ అడగలేదు. అది జవాబూ చెప్పలేదు. అయినా ఆ కాగితం చూసే అవతలి దేశం నిశ్చింతగా ఉంటుంది. మన ఊళ్ళో బడి యాజమాన్యం ఫైల్లో పెట్టుకునే వెరిఫికేషన్ కాగితం కథ కూడా దాదాపు ఇదే.

పిల్లలు, పండు ముసలివాళ్ళు, వికలాంగులు, మతిస్థిమితం లేనివాళ్ళు తమను తాము కాపాడుకోలేరు. వాళ్ళ దగ్గర పనిచేసేవాళ్ళ గతం ముందే చూసుకోవాలన్న మాటను కాదనేవాళ్ళు ఎవరూ ఉండరు. ఏ బడిలో ఘోరం జరిగినా మర్నాడు అందరి నోటా వచ్చే మొదటి ప్రశ్న ‘వెరిఫికేషన్ చేయించారా?’ అన్నదే. చర్చ మాత్రం అక్కడే ఆగిపోతుంది. ఏ రికార్డులు చూడాలి, అవి ఎవరి దగ్గరున్నాయి, చూసినవాళ్ళు ఆ సంగతి ఎవరికి చెప్పాలి, చెప్పింది తప్పయితే ఆ మనిషి ఎవరికి మొరపెట్టుకోవాలి? ఈ ప్రశ్నలు తేలకుండా తెచ్చుకున్న కాగితం ఇన్‌స్పెక్షన్ రోజున చూపించడానికి పనికొస్తుంది. పిల్లను కాపాడటానికి పనికిరాదు. బ్రిటన్ ఈ సంగతి ఇద్దరు పసిపిల్లల చావు చూశాక గానీ తెలుసుకోలేదు.

కేంబ్రిడ్జ్‌షైర్‌లో సోహమ్ అని ఒక చిన్న ఊరుంది. 2002 ఆగస్టు 4, ఆదివారం సాయంత్రం పదేళ్ళ స్నేహితురాళ్ళిద్దరు ఇంటి నుంచి బయటికి వెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు. వాళ్ళను చంపినవాడు ఇయాన్ హంట్లీ. ఆ ఊళ్ళోని సోహమ్ విలేజ్ కాలేజీ అనే హైస్కూల్లో కేర్‌టేకర్‌గా పనిచేస్తున్నాడు. 2003 డిసెంబరులో అతనికి జీవిత ఖైదు పడింది. తీర్పు వచ్చాక బయటపడిన సంగతి జనాన్ని మరింత కలచివేసింది. 1995 నుంచి 1999 వరకు హంబర్‌సైడ్ పోలీసుల దగ్గరికి అతని మీద ఎనిమిది లైంగిక నేరాల ఆరోపణలు వచ్చి ఉన్నాయి. ఒక్కదానిలోనూ శిక్ష పడలేదు. ఒక్కో ఆరోపణను విడిగా తీసుకుని, విడిగానే మూసేశారు. అన్నింటినీ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే, చిన్న వయసు ఆడపిల్లల వెంటపడే మనిషి ఒకడు కళ్ళముందు నిలబడేవాడు. అలా చూసినవాళ్ళు లేరు.

బడిలో చేరేటప్పుడు అతను ఫారంలో నిక్సన్ అని రాశాడు. అది తల్లి పుట్టింటి ఇంటిపేరు. అంతకుముందు తన పేరు హంట్లీ అని ఉండేదని కూడా అందులోనే చెప్పాడు. అంటే దాచింది కూడా లేదు. అయినా పోలీసు కంప్యూటర్లో నిక్సన్ అన్న పేరు మీదే వెతికారు. ఏమీ దొరకలేదు. తెచ్చిన సిఫారసు ఉత్తరాలు కూడా ఎవరికైనా చూపించుకునే రకానివి. రాసినవాళ్ళను బడి సరిగ్గా విచారించలేదు.

ఈ వ్యవహారంపై సర్ మైకేల్ బిచార్డ్ విచారణ జరిపి 2004 జూన్‌లో 31 సిఫారసులతో నివేదిక ఇచ్చారు. పాత సమాచారాన్ని తీసేయడానికి డేటా రక్షణ చట్టమే కారణమని హంబర్‌సైడ్ పోలీసులు అంతకుముందు చెప్పుకున్నారు. ఆయన ఆ సాకును ఒప్పుకోలేదు. చట్టంలో లోపం లేదని, పోలీసులు తమ దగ్గరున్న సమాచారాన్ని భద్రపరిచి వాడుకునే పద్ధతిలోనే లోపముందని తేల్చారు. దేశంలోని పోలీసు బలగాలన్నీ ఒకరి సమాచారం ఒకరు చూసుకునే జాతీయ వ్యవస్థ కావాలని ఆయన అడిగారు. అది పూర్తిగా అందుబాటులోకి వచ్చేసరికి 2011 అయింది.

ఇక్కడ ఒక మాట నిజాయతీగా చెప్పుకోవాలి. చనిపోయిన పిల్లలు హంట్లీ పనిచేసే బడి పిల్లలు కారు. అతనితో కలిసి ఉంటున్న ఆమె వాళ్ళు చదివే ప్రైమరీ స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్. ఆ పరిచయంతోనే వాళ్ళు ఆ గుమ్మం దగ్గరికి వచ్చారు. వెరిఫికేషన్ పక్కాగా జరిగి ఆ ఉద్యోగం రాకపోయినా అతను ఆ ఊళ్ళో ఉండేవాడేమో ఎవరు చెప్పగలరు? ఏ తనిఖీ అయినా ఒక తలుపు మాత్రమే మూయగలదు. కాకపోతే మూయాల్సిన ఆ ఒక్క తలుపు బార్లా తెరిచి ఉండటం క్షమించరానిది.

సోహమ్ తర్వాత బ్రిటన్ 2006లో కొత్త చట్టం చేసింది. దాని కింద పుట్టిన సంస్థనూ, అప్పటికే ఉన్న క్రిమినల్ రికార్డ్స్ బ్యూరోనూ 2012 డిసెంబరులో కలిపేసి డిస్‌క్లోజర్ అండ్ బారింగ్ సర్వీస్‌ను ఏర్పాటు చేసింది. జనం దాన్ని డీబీఎస్ అంటారు. ఇది ఇంగ్లండ్, వేల్స్ వరకు. స్కాట్లండ్ పద్ధతి వేరు. లండన్‌లోనో లెస్టర్‌లోనో ఆదివారం తెలుగు బడిలో అ ఆలు నేర్పే పనికి కుదిరినా ‘నీ డీబీఎస్ ఉందా?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళకు అది ఉచితం. ఉద్యోగానికైతే పైస్థాయి తనిఖీకి 2024 డిసెంబరు నుంచి 49.5 పౌండ్లు.

ఈ తనిఖీలో స్థాయిలున్నాయి. మామూలు ఆఫీసు ఉద్యోగానికి ఇంకా అమల్లో ఉన్న శిక్షలు మాత్రం చూపిస్తారు. పిల్లల్ని, రోగుల్ని కనిపెట్టుకుని ఉండే పనికి ఎన్‌హాన్స్‌డ్ అనే లోతైన తనిఖీ చేస్తారు. అందులో పాత శిక్షలతో పాటు, శిక్ష దాకా వెళ్ళకపోయినా స్థానిక పోలీసుల దగ్గరున్న సమాచారం కూడా రావచ్చు. ఆ సమాచారం ఈ పనికి సంబంధించినదేనని, చెప్పి తీరాల్సినదేనని పోలీసు ఉన్నతాధికారి సహేతుకంగా నమ్మాలి. హంట్లీ లాంటివాడు మళ్ళీ జారిపోకుండా పెట్టిన అడ్డు ఇది. ఎన్‌హాన్స్‌డ్ తనిఖీతో పాటు నిషేధ జాబితాలు రెండుంటాయి. ఒకటి పిల్లల దగ్గర పనిచేయకూడనివాళ్ళది, ఇంకొకటి ఆసరా కావాల్సిన పెద్దవాళ్ళ దగ్గర పనిచేయకూడనివాళ్ళది. జాబితాలో పేరున్న మనిషి అలాంటి పనికి దరఖాస్తు పెట్టడమే నేరం. తెలిసీ పెట్టుకున్న యాజమాన్యానిదీ నేరమే.

మన దగ్గర ఎవరూ పట్టించుకోని అంశం ఒకటి ఈ వ్యవస్థలో ఉంది. పిల్లలకు హాని చేశాడనో, చేసే ప్రమాదముందనో ఒక మనిషిని పని నుంచి తీసేస్తే, ఆ సంగతిని డీబీఎస్‌కు తెలియజేయడం యాజమాన్యం విధి. తీసేయకముందే అతను రాజీనామా చేసి వెళ్ళిపోయినా తెలియజేయాల్సిందే. చెప్పకపోతే శిక్ష యాజమాన్యానికి. పోలీసు కేసు అయిందా, కోర్టులో నిలిచిందా అన్నది తర్వాతి మాట.

ఇంత జాగ్రత్త పెట్టుకున్న ఆ దేశమే మరోవైపు ఘోరంగా తప్పటడుగు వేసింది. 1999లో ఇల్లూవాకిలీ లేక వీధిలో బతుకుతున్న ఒకామె ఆకలికి దుకాణంలో సాండ్‌విచ్ దొంగిలించి హెచ్చరికతో బయటపడింది. మూడు నెలలకు 99 పెన్నీల పుస్తకం ఒకటి తీసింది. ఆ కేసులో బెయిలు మీద ఉండి కోర్టుకు రాలేదు. అప్పటికి ఆమెకు స్కిజోఫ్రెనియా ఉంది. ఆ సంగతి వైద్యులు కూడా ఇంకా కనిపెట్టలేదు. తర్వాత ఆమె కోలుకుంది. బడిలో సహాయకురాలిగా పనిచేయాలని ఆశపడింది. ఒకటికి మించి శిక్షలుంటే ఎంత పాతవైనా, ఎంత చిన్నవైనా అన్నీ బయటపెట్టాలన్నది అప్పటి నియమం. పుస్తకం ఒకటి, కోర్టుకు రాకపోవడం ఒకటి, వెరసి రెండు శిక్షలు. దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ ఆ రెండూ కాగితం మీదికి వచ్చేవి. వాటిని వివరించబోతే తన జబ్బు గురించి కొత్తవాళ్ళ ముందు చెప్పుకోవాల్సి వచ్చేది. ఈ నియమం న్యాయం కాదని బ్రిటన్ సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. 2020 నవంబరు 28 నుంచి ఆ నియమం పోయింది. చిన్నతనంలో అందుకున్న హెచ్చరికలను దానంతటదే బయటపెట్టే పద్ధతి కూడా పోయింది.

పిల్లల భద్రత పేరుతో 99 పెన్నీల పుస్తకాన్ని ఇరవై ఏళ్ళు మోయించడం భద్రత అనిపించుకోదు. ఎనిమిది ఆరోపణలున్న మనిషికి తాళంచెవుల గుత్తి ఇచ్చిన వ్యవస్థే, పుస్తకం తీసిన మనిషిని గేటు బయట నిలబెట్టింది. రెండుచోట్లా లోపించింది ఒకటే. ముందున్న సమాచారానికీ, చేయబోయే పనికీ సంబంధమేమిటని కూర్చుని ఆలోచించే మనిషి లేడు. ఇప్పుడు డీబీఎస్ సర్టిఫికెట్ యాజమాన్యానికి పోదు, నేరుగా దరఖాస్తుదారు చేతికే వస్తుంది. అందులో తప్పుంటే సవాలు చేయవచ్చు. పోలీసులు రాసిన అదనపు సమాచారం మీద స్వతంత్ర పర్యవేక్షకుడికి అర్జీ పెట్టుకోవచ్చు.

మన దేశంలో చట్టం లేదా అంటే, ఉంది. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద కేంద్రం 2020 మార్చి 9న నోటిఫై చేసిన నిబంధనల ప్రకారం పిల్లలుండే లేదా పిల్లలతో తరచూ పని ఉండే ప్రతి సంస్థా తన సిబ్బంది అందరికీ పోలీసు వెరిఫికేషన్, పూర్వాపరాల పరిశీలన చేయించాలి. బడులు, క్రెష్‌లు, క్రీడా అకాడమీలు అన్నీ ఇందులోకి వస్తాయి. పాఠాలు చెప్పేవాళ్ళు, చెప్పనివాళ్ళు, పర్మినెంట్, కాంట్రాక్టు అన్న తేడా లేదు. ఒక్కసారి చేయించి వదిలేస్తే చాలదు, అప్పుడప్పుడూ మళ్ళీ చేయించాలి. మాట గట్టిదే. ఎన్నేళ్ళకోసారి చేయించాలో, ఏ రికార్డు చూడాలో, ఏం బయటపడితే ఉద్యోగం ఇవ్వకూడదో మాత్రం అందులో చెప్పలేదు.

‘సిబ్బంది’ అంటే ఎవరన్న ప్రశ్న కూడా చూడటానికి కనిపించినంత చిన్నది కాదు. 2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక బడిలో చిన్న తరగతి పాప మీద జరిగిన అఘాయిత్యం బయటపడింది. నిందితుడు ప్రిన్సిపాల్ కారు డ్రైవర్. 2023 ఏప్రిల్‌లో కోర్టు అతనికి 20 ఏళ్ళ జైలుశిక్ష వేసింది. ప్రిన్సిపాల్‌ని దింపడానికి వచ్చిన డ్రైవర్ రోజంతా బడి ఆవరణలో తిరుగుతుంటే పిల్లలకు అతనూ బడి మనిషే. ‘అంకుల్’ అనే పిలుస్తారు. బిల్డింగుకు రంగులు వేయడానికి వచ్చినవాడు, నీళ్ళ డబ్బాలు వేసేవాడు, యాన్యువల్ డేకి డాన్సు నేర్పడానికి పదిహేను రోజులు వచ్చే మాస్టారు కూడా ఇంతే. ఉద్యోగుల జాబితా పట్టుకుని వెరిఫికేషన్ చేయిస్తే వీళ్ళెవరూ దొరకరు. పిల్లల పక్కన ఒంటరిగా ఉండే అవకాశం ఎవరెవరికి ఉందన్న ప్రశ్నతో మొదలుపెడితే అందరూ దొరుకుతారు.

ఇంకాస్త బయటికి వస్తే ఆటో. పొద్దున్నే ఏడున్నరకు సందు చివర ఆగుతుంది. వెనక సీట్లో అయిదుగురు, ఎదురు బల్ల మీద ముగ్గురు, డ్రైవర్‌కి అటూ ఇటూ ఇద్దరు, బయట కొక్కేనికి వేలాడే బ్యాగులు. కుదుర్చుకున్నది తల్లిదండ్రులు. నెల జీతం ఇచ్చేదీ వాళ్ళే. బడి అడిగితే ‘అది మా బండి కాదు’ అంటుంది. ఒకరోజు వేరే అబ్బాయి బండి తోలుకొస్తాడు. ‘అన్నకి జ్వరమండీ, నేనొచ్చా’ అంటాడు. ఆఫీసు టైమవుతున్న తల్లి పిల్లను ఎక్కించేస్తుంది. ఆ తల్లిని తప్పుపట్టి లాభం లేదు, ఆమెకు ఇంకో దారి ఉంచలేదు. ఏ నిబంధన చదివినా ఆ ‘అన్న’ పేరే ఎక్కడా కనిపించదు, వాడి బదులు వచ్చిన కుర్రాడి పేరు సరే సరి.

సరే, సిబ్బంది పేర్లతో స్టేషన్‌కి అర్జీ పెట్టారనుకుందాం. వెరిఫికేషన్ అనగానే చాలాచోట్ల జరిగేది ఆ స్టేషన్ పరిధిలో అతని మీద కేసులున్నాయా అని చూడటం, ఉంటున్న ఇల్లు అదేనా అని కనుక్కోవడం, ఇరుగుపొరుగు ఇద్దరిని అడిగి సంతకాలు తీసుకోవడం. శ్రీకాకుళం నుంచి వచ్చి ఆరు నెలలుగా కూకట్‌పల్లిలో ఉంటున్న వాచ్‌మన్ గురించి కూకట్‌పల్లి పక్కింటివాళ్ళు ఏం చెప్పగలరు? ‘మంచివాడే సార్, ఎవరి జోలికీ పోడు’ అంటారు. వాళ్ళకు తెలిసింది అంతే.

దేశంలోని స్టేషన్లన్నిటినీ ఒకే తీగకు కట్టే సీసీటీఎన్ఎస్ ప్రాజెక్టుకు 2009లో దాదాపు 2,000 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపారు. ఇప్పుడు దాదాపు అన్ని స్టేషన్లూ అందులో ఉన్నాయి. వేరే జిల్లా, వేరే రాష్ట్రం కేసులను కూడా వెతికి చూసే వీలుంది. అయితే వెతకడం పేరుతోనైతే నిక్సన్, హంట్లీ గొడవ మనకు ఇంకా పెద్దది. ఇక్కడ ఎవరూ పేరు మార్చుకోనక్కర్లేదు. టెన్త్ సర్టిఫికెట్లో కె. శ్రీనివాసరావు, ఆధార్‌లో కొల్లి శ్రీను, ఎఫ్ఐఆర్‌లో ‘శ్రీను అలియాస్ బుడ్డోడు’. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒక్క పొడి అక్షరం. ఇంగ్లిషులో స్పెల్లింగులు ఎన్నో లెక్కే లేదు. పేరు కలిస్తే మనిషి కలిసినట్టు కాదు, పేరు కలవకపోతే మనిషి కలవనట్టూ కాదు. పేరు ఒకటే అయినందుకు ఏ పాపం తెలియని శ్రీను ఉద్యోగం పోగొట్టుకునే ప్రమాదం కూడా ఇందులోనే ఉంది. 2022 ఆగస్టులో మొదలైన జాతీయ వేలిముద్రల వ్యవస్థ నాఫిస్‌లో అరెస్టయిన ప్రతి మనిషికీ పది అంకెల సంఖ్య ఇస్తారు. ఈ చిక్కుకు నిజమైన విరుగుడు ఇలాంటిదే. పిల్లల దగ్గర పనిచేసేవాళ్ళ తనిఖీకైనా పేరు వదిలి వేలిముద్రను ఆధారం చేసుకోవడం సబబు. ఆ ముద్రను తనిఖీ అయ్యాక దాచుకోకూడదన్న నియమం కూడా దానితో పాటే రావాలి.

లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్‌ని కేంద్ర హోంశాఖ 2018 సెప్టెంబరు 20న ప్రారంభించింది. మొదలైన రోజుకే అందులో 4.4 లక్షల ఎంట్రీలున్నాయి. దాన్ని చూసే హక్కు పోలీసులకు, దర్యాప్తు సంస్థలకు మాత్రమే ఉంది. జనానికి తెరిస్తే శిక్ష అనుభవించి వచ్చిన మనిషిని వీధిలో రాళ్ళతో కొట్టే రోజు వస్తుంది. కాబట్టి మూసి ఉంచడం సరైనదే. కానీ బడి తరఫున అడిగితే పోలీసులు ఆ డేటాబేస్ చూసి ‘ఈ పనికి వద్దు’ అనో ‘అభ్యంతరం లేదు’ అనో ఒక్కమాట చెప్పే పద్ధతి ఉండాలి కదా. వివరాలు చెప్పనక్కర్లేదు. ఆ ఒక్కమాట అందే దారి లేకపోతే లక్షల ఎంట్రీలున్నా బడి గేటు దగ్గర వాటి వల్ల ప్రయోజనం సున్నా.

ఆ డేటాబేస్‌లోకి ఎక్కాలంటే శిక్ష పడాలి. కేసులు ఏళ్ళతరబడి నడుస్తాయి, మధ్యలో సాక్షులు మారిపోతారు, పిల్ల పెళ్ళీడుకొస్తోందని ఇంటివాళ్ళే వెనక్కి తగ్గుతారు. వీటికంటే ముందే ఇంకోటి జరుగుతుంది. బడిలో మాస్టారు గురించి పిల్లలు ఏదో చెబుతారు. తల్లిదండ్రులు వచ్చి గొడవ చేస్తారు. కరస్పాండెంట్ వాళ్ళను గదిలో కూర్చోబెట్టి ‘పిల్ల భవిష్యత్తు చూడండమ్మా, పరువు పోతుంది’ అని సర్దిచెబుతాడు. మాస్టారు చేత రాజీనామా రాయించుకుని, ఆ నెల జీతం లెక్కకట్టి పంపించేస్తారు. జూన్ వచ్చేసరికి అతను పక్క మండలంలో ఇంకో బడి బోర్డు ముందు నిలబడి ఉంటాడు. చేతిలో అనుభవ ధ్రువపత్రం, ‘నడవడిక సంతృప్తికరం’ అన్న మాటతో సహా. పోలీసు రికార్డు శుభ్రం. వెరిఫికేషన్ నిబంధన తు.చ. తప్పకుండా పాటించినా అతను దొరకడు.

ఇది ఊరికే తప్పు కాదు, నేరం. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే ఫిర్యాదు చేసి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. చేయకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా, సంస్థ బాధ్యుడైతే ఏడాది దాకా జైలు. పరువు కోసం సర్దుబాటు చేసిన ప్రతి గదిలోనూ ఈ నేరం జరుగుతోంది. బ్రిటన్‌లో ఉన్నట్టుగా, ‘ఈ కారణంతో మానిపించాం’ అని యాజమాన్యం తప్పనిసరిగా తెలియజేయాల్సిన చోటు ఒకటి రాష్ట్ర స్థాయిలోనైనా ఉంటే జూన్ ప్రయాణాలు చాలావరకు ఆగుతాయి.

పోలీసు రికార్డుకు ఇంత విలువ ఇస్తున్నప్పుడు ఆ రికార్డు ఎలా తయారవుతుందో కూడా చూడాలి. రౌడీషీట్, సస్పెక్ట్ షీట్ అన్నవి కోర్టు తీర్పులు కావు, స్టేషన్‌లో పోలీసులు తెరిచి ఉంచుకునే నిఘా కాగితాలు. ఈ సంగతి తెలుగు నేలకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 1871లో వచ్చి 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా విస్తరించిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం ఎరుకల వంటి తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టింది. స్టువర్టుపురం అలాంటివాళ్ళను ఒకచోట నిఘాలో ఉంచడానికి ఆ చట్టం నీడలో 1913లో వెలిసిన సెటిల్‌మెంట్. 1952 ఆగస్టులో ఆ చట్టం రద్దయింది. ఊరి పేరు చెప్పగానే ముఖం మారే అలవాటు మాత్రం రద్దు కాలేదు. అలాంటి ఊరి నుంచి వచ్చిన అమ్మాయి అంగన్‌వాడీ ఆయా పనికి దరఖాస్తు పెట్టుకుంటే, వెరిఫికేషన్‌కి వచ్చిన మనిషి చూసేది ఆమె గతాన్నా, తాతల నాటి ముద్రనా? కోర్టు శిక్షను, దర్యాప్తులో ఉన్న కేసును, పోలీసుల అనుమానాన్ని వేరువేరు గడుల్లో రాయాలి. ఆ కాగితం ముందు ఆ మనిషికే చూపించాలి. లేకపోతే ఈ తనిఖీ ఎవరిని కాపాడుతుందో గానీ ఎవరిని తొక్కుతుందో మాత్రం ముందే చెప్పవచ్చు.

మన న్యాయస్థానం ఈ విషయంలో మంచి దారే చూపింది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వెరిఫికేషన్ ఫారంలో కేసు సంగతి దాచిన ఉద్యోగుల విషయం పరిశీలించింది. కుర్రతనంలో నినాదాలు చేయడం లాంటి అల్ప విషయమైతే యాజమాన్యం దాన్ని పట్టించుకోకుండా వదిలేయవచ్చని, తీవ్రమైన కేసులో సాంకేతిక కారణంతోనో, నేరం సందేహాతీతంగా రుజువు కాలేదన్న కారణంతోనో బయటపడి ఉంటే పూర్వాపరాలన్నీ చూసి నిర్ణయించుకోవచ్చని చెప్పింది. బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ కూడా మైనరుగా ఉన్నప్పుడు చేసిన తప్పు తర్వాత జీవితంలో అనర్హత కారాదంటుంది. పదహారు దాటాక చేసిన అతి తీవ్ర నేరాలకు మాత్రం మినహాయింపు. బ్రిటన్ 2020లో దిద్దుకున్న పొరపాటుకు మన చట్టంలో విరుగుడు ముందే ఉంది. స్టేషన్ స్థాయిలో అది ఎంతమందికి తెలుసన్నదే ప్రశ్న.

ముసలివాళ్ళ విషయానికి వస్తే ఈ పాటి నిబంధన కూడా కనిపించదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం వృద్ధాశ్రమాల ఏర్పాటు గురించి మాట్లాడుతుంది గానీ అందులో పనిచేసేవాళ్ళ నేరచరిత్ర చూడాలని అనదు. పిల్లలు అమెరికాలో, తల్లి విజయవాడ అపార్ట్‌మెంట్‌లో, మధ్యలో ఏజెన్సీ పంపిన హోమ్ నర్సు. ఇది ఇప్పుడు వేల ఇళ్ళ కథ. ఏజెన్సీ వాట్సాప్‌లో పంపే ఆధార్ ఫొటోతోనే నమ్మకం మొదలై అక్కడే ముగుస్తుంది. హైదరాబాద్‌లో హాక్‌ఐ యాప్‌లో పనివాళ్ళ వివరాలు నమోదు చేసే సదుపాయం ఏళ్ళుగా ఉంది. వాడేవాళ్ళు వాడుతున్నారు. అది ఇంటివాళ్ళు తమంతట తాము వాడుకోవాల్సిందే గానీ, ఏజెన్సీ మీద పెట్టిన బాధ్యత కాదు.

ఎంత గట్టి తనిఖీకైనా అందని మేర ఒకటుంది. పోక్సో కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితులు బాధిత పిల్లలకు తెలిసినవాళ్ళేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా చెబుతూనే ఉంది. బంధువులకు, పక్కింటివాళ్ళకు ఎవరూ వెరిఫికేషన్ చేయించలేరు. 2017 సెప్టెంబరులో గురుగ్రామ్‌లోని ఒక బడిలో ఏడేళ్ళ పిల్లాడు హత్యకు గురైనప్పుడు స్థానిక పోలీసులు వెంటనే బస్సు కండక్టర్‌ని అరెస్టు చేశారు. నాలుగు రోజులకే సీబీఎస్ఈ తన బడులన్నిటికీ సిబ్బంది వెరిఫికేషన్, మానసిక పరీక్షలు చేయించమని ఉత్తర్వులిచ్చింది. తర్వాత సీబీఐ దర్యాప్తులో నిందితుడిగా తేలింది అదే బడిలో చదివే పెద్ద తరగతి విద్యార్థి. కండక్టర్‌కి ఏ సంబంధమూ లేదని అతన్ని వదిలిపెట్టారు. ఉత్తర్వు మంచిదే, ఎప్పుడో రావాల్సింది. అయితే అది ఏ ఘటన నుంచి పుట్టిందో ఆ ఘటనకు దానితో సంబంధం లేదు. చెడు జరగగానే కింది మెట్టు మీద ఉన్న పనివాడి వైపు వేలు చూపించడం ఎంత తేలికో ఆ కండక్టర్‌ని అడగాలి.

అందుకని బడి యాజమాన్యాలు పోలీసు కాగితం కోసం ఎదురుచూసే రోజుల్లో చేయగలిగిన పని ఒకటుంది. దానికి ఫీజు లేదు, స్లాట్ అక్కర్లేదు. కొత్తగా చేరబోయే మనిషి ఇంతకుముందు పనిచేసిన చోటికి, అతను ఇచ్చిన నంబరుకి కాకుండా ఆ బడి బోర్డు మీదున్న నంబరుకి ఫోన్ చేసి, హెడ్మాస్టర్‌తోనే మాట్లాడి రెండు ప్రశ్నలు అడగాలి. మీ దగ్గర ఎందుకు మానేశాడు? మళ్ళీ మీ పిల్లల దగ్గర పెట్టుకుంటారా? రెండో ప్రశ్నకు అవతలి మనిషి ఎంతసేపు ఆగి జవాబు చెప్పాడో కూడా రాసుకోవాలి.